వకుళక్క వేళ్లు

నేను రాసేటప్పుడు పుస్తకాల తెలుగే రాస్తాను. కోపమొచ్చినా, మనసు కరిగినా మాత్రం బన్సీలాల్‌పేట తెలుగు దానంతటదే బయటపడుతుంది. చదివేవాళ్లు జెర సర్దుకోవాలె. ఎందుకంటే మొన్న వకుళక్కను చూడటానికి పోయిన రోజు నాకు రెండూ అయినయి.

వకుళక్క నాకు చుట్టం కాదు. నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన మనిషి. ఊరి చివర పెద్ద ఫ్యాక్టరీ, అందులో కంప్యూటర్ సెక్షన్. ఆమె నాకంటే ముందు చేరింది. తెనాలి నుంచి కోడలిగా వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో కాపురం పెట్టింది. నాకు చెల్లెళ్లే గానీ అక్కల్లేరు, ఆ లోటు ఆమెతో తీర్చుకున్నాను. ఆమె భర్త మూర్తిగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన్ని బావగారూ అనే పిలుస్తాను. వాళ్లకు పిల్లల్లేరు. వానాకాలంలో అక్కకు పక్షవాతం వచ్చిందని తెలిసినప్పుడు నేను కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో పడి ఉన్నాను. ఫోన్లో బావగారు "కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయమ్మా, మాటే పోయింది" అన్నారు. మాటే కదా, మెల్లగా అదే వస్తుందిలే అనుకున్నాను. మాట పోవడం అంటే ఏంటో ఆ ఇంట్లో అడుగుపెట్టినంక తెలిసింది.

తలుపు తీసింది బావగారే. చేతిలో దువ్వెన. "రామ్మా స్వరూపా, ఇప్పుడే జడ వేస్తున్నా" అన్నారు. హాల్లో కిటికీ పక్కన కుర్చీలో అక్క. సగం అల్లిన జడ ఎడమ భుజం మీదికి వంకరగా పడి ఉంది. నన్ను చూడగానే కళ్లు పెద్దవి చేసి "అదే! అదే!" అంటూ చేతులు చాచింది. ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. మంచినీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే, కాలు నొప్పి పెట్టినా అదే. పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. బావగారు జడ పూర్తిచేసి, చివర రబ్బరు బ్యాండు పెట్టి, దాన్ని చూసి ఆయనే ఒక నిట్టూర్పు విడిచి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొచ్చారు. ముందు అక్కకు చల్లార్చి తాగించి, మూతి తుడిచి, ఆ తర్వాత నాకు గ్లాసు అందించారు. ఆయన చూసుకోవడంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఆమె ఎదురుగానే కూర్చుని, ఆమె అక్కడ లేనట్టు మాట్లాడటం షురూ చేశారు.

"ఆవిడకి ఏమీ అర్థం కావట్లేదమ్మా. డాక్టరు కూడా ఇంతేనేమో అన్నట్టే మాట్లాడుతున్నారు. మాట నేర్పడానికి ఒకమ్మాయి వస్తోంది, ఈ నెలతో మాన్పించేద్దామనుకుంటున్నా. నాకు చూస్తే గుండె జబ్బు. రేపు నాకేమైనా అయితే ఈవిడ గతేంటి? కొంపల్లి వైపు ఇలాంటివాళ్లని చూసుకునే హోం ఒకటుంది, వెళ్లి మాట్లాడొచ్చాను. తెలివి ఉన్న మనిషైతే పంపించేవాణ్ణి కాదు. తెలియనప్పుడు ఇక్కడైనా ఒకటే, అక్కడైనా ఒకటే కదా."

నా చేతిలో ఉన్న అక్క చెయ్యి గట్టిగా బిగిసింది. నాకు మండుకొచ్చింది.

"ఏంది బావగారూ, మనిషిని ముందల కూసోబెట్టుకుని గిట్ల మాట్లాడ్తరా?"

ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేనట్టుంది. లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "నువ్వే చూడు. నువ్వూ ఆవిడలాగా కంప్యూటర్ మనిషివే కదా."

మాట నేర్పే అమ్మాయి ఒక పేజీలో నాలుగు లైన్లు కొట్టి పెట్టింది, వాట్సాప్‌లో మనం కొట్టుకున్నట్టే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో. టీ గ్లాసుల్లో పొయ్యాలి. స్టవ్ వెలిగించాలి. నీళ్లు మరగాలి. పాలు, టీ పొడి వెయ్యాలి. ఇందులో తప్పు చోట ఉన్న లైను ఏదో అక్క చెప్పాలి. నోటితో రాకపోతే వేలితో చూపించినా చాలు. వేలితో చూపించమంటే అక్క తల అడ్డంగా తిప్పి కీబోర్డు లాక్కుంటుందట. లాక్కున్నా మాటలు కొట్టలేదు; ఏం కొట్టిందో బావగారు నాకు చూపించారు. పేజీ మొదట్లో, ఆ నాలుగు లైన్లకూ పైన, ఇంగ్లీషు అక్షరాలు. డీ డీ జీ పీ. మళ్లీ డీ డీ జీ పీ. వరసలకు వరసలు అవే. అక్కడక్కడ ఒక కోలన్, ఒక డబ్ల్యూ.

"రోజూ ఇదే పిచ్చి టైపింగు" అన్నారు బావగారు. ఇంకో పేజీ తెరిచారు. ఆ అమ్మాయికి చూపించడానికి రోజుకో లైను ఈయన రాసిపెడుతున్నారు. "ఈ రోజు కూడా వకుళకి ఏమీ తెలియలేదు" అని పైకి చదివారు. దాని కింద లైను చదివారు, అదీ అదే. దాని కిందదీ అదే. అంతటితో ఆపేశారు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నేను మొదటి పేజీకి తిరిగొచ్చాను. డీ డీ జీ పీ. నా వేళ్లు నాకు తెలియకుండానే ఒళ్లో కదిలాయి. ఈ అక్షరాలు నాకు తెలుసు. ఎట్ల తెలుసో చెప్పాలంటే మళ్లీ ఆ కంపెనీ బస్సు ఎక్కాలి.

మా బాపుకు జనరల్ బజార్‌లో గుండీలు, లేసులు, జిప్పులు అమ్మే చిన్న దుకాణం ఉండేది. ఇల్లు బన్సీలాల్‌పేటలో, ఇప్పుడు జనం ఫొటోలు దిగడానికి వచ్చే మెట్లబావికి సందు అవతల. మా చిన్నప్పుడు అక్కడ బావి లేదు, చెత్తదిబ్బ ఉండేది. "దాని కింద బాయి ఉన్నది బిడ్డా, నేను నీళ్లు తోడిన" అని నాయనమ్మ అంటే మేం కిసుక్కున నవ్వేవాళ్లం. పొద్దున లేస్తే ఇంట్లో బొగ్గుల కుంపటి వాసన, బాపు గడ్డం సబ్బు వాసన, నాయనమ్మ జర్దా వాసన. ఏ వాసన ముందొస్తే వాళ్లు ముందు లేచినట్టు లెక్క. నేను డిగ్రీ అయినంక కంప్యూటర్ కోర్సు చేసి, ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరితే అది ఏం పనో ఇంట్లో ఒక్కరికీ సమజ్ కాలేదు. "మిషన్ మీదనా?" అని అడిగింది నాయనమ్మ. మిషన్ మీదనే అన్నాను. "కుట్టుడా?" కాదు నాయనమ్మా, రాసుడు అన్నాను. "రాసేటందుకు అంత దూరం బస్సుల పోవుడెందుకే, ఈడ పెన్నులు లేవా?" అంది. బాపు ఛాయ్ పొలమారేటట్టు నవ్విండు.

మొదటి రోజు కంప్యూటర్ రూంలోకి చెప్పులతో పోయాను. "చెప్పులు! చెప్పులు!" అని లోపలి నుంచి ఒక గొంతు అరిచింది. నేను ఉలిక్కిపడి అక్కడే ఆగిపోయాను. నీలం చీర కట్టుకుని, పైన మగవాళ్ల స్వెటర్ తొడుక్కుని, పొడుగాటి జడతో ఒకావిడ నా మీదికి వచ్చింది. "అన్నిటికంటే ముందు చెప్పులు బయట విప్పాలి. ఆ తర్వాతే ఏ పనైనా. దుమ్ము పడితే మిషను పాడైపోతుంది, తెలుసా?" అదీ వకుళక్క. ఆ రోజుల్లో కంప్యూటర్ రూం అంటే పూజగది కంటే ఎక్కువ. బయట చెక్క అరలో అందరి చెప్పులు వరసగా ఉండేవి, లోపల ఏసీకి మేమంతా వణికేవాళ్లం. నాకు చలేస్తోందని చూసి ఆ స్వెటర్ విప్పి నాకిచ్చేసింది. అది బావగారి స్వెటర్. ఆ చలికాలమంతా నేనే వేసుకున్నాను, ఆయన ఎన్నడూ అడగలేదు.

నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పడేవి. ప్రోగ్రాం రాయాలన్నా, దిద్దాలన్నా వీఐ అనే ఎడిటర్‌లోనే. మౌస్ అంటే మాకు ఎలుకే. బాణం గుర్తుల కీలు నొక్కితే తెర మీద ఏవో అర్థం లేని గుర్తులు పడేవి. అన్నీ అక్షరాలతోనే చేయాలి. దాని కిటుకు ఏందంటే, ప్రతి అక్షరానికీ రెండు బతుకులు. రాసే వేళ డీ నొక్కితే డీ అనే అక్షరం పడుతుంది. ఎడమ మూల ఎస్కేప్ అని ఒక కీ ఉంటుంది. అది నొక్కగానే రాయడం ఆగి దిద్దడం మొదలవుతుంది, ఇంక అక్షరాలన్నీ ఆజ్ఞలే. డీ రెండుసార్లు కొడితే మనం ఉన్న లైను మొత్తం లేచి చేతిలోకి వస్తుంది. పెద్ద జీ కొడితే పేజీ అట్టడుగుకు దూకుతాం. పీ కొడితే చేతిలో ఉన్న లైను అక్కడ కూర్చుంటుంది. జే కొడితే ఒక లైను కిందికి దిగుతాం. యూ కొడితే చేసింది చేయనట్టే. కోలన్, డబ్ల్యూ కొడితే రాసిందంతా భద్రం, ఇంక కరెంటు పోయినా పోదు. కరెంటు రోజూ పోయేది కాబట్టి అక్క ప్రతి రెండు లైన్లకూ కోలన్ డబ్ల్యూ కొట్టేది. సాయంత్రం బస్సు దిగేటప్పుడు సుత "కోలన్ డబ్ల్యూ కొట్టావా?" అని అడిగేది నన్ను. గొడుగు, టిఫిన్ డబ్బా, పర్సు అన్నీ తీసుకున్నావా అని అర్థం.

కొత్తలో నేను ఎస్కేప్ నొక్కడం మరిచిపోయేదాన్ని. లైను తీసేద్దామని డీడీ కొడితే, లైను పోకపోగా ఆ రెండు అక్షరాలూ వచ్చి అందులోనే కూర్చునేవి. శనివారం క్యాంటీన్ ఉండదని ఒకసారి నోటీసు టైపు చేస్తే, చివర డీడీ అని ప్రింటై గోడకెక్కింది. సెక్షన్‌లో అందరూ నన్ను ఒక ఆట ఆడుకున్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అక్క ఒక్కతే నవ్వలేదు. "ఊరుకోవే. ఈ తప్పు వీఐ వాడే మన జాతికి మాత్రమే వస్తుంది" అంది. "తప్పు నీ చేతిది కాదు. నీ చెయ్యి ఆజ్ఞ సరిగ్గానే ఇచ్చింది, పేజీ వినే స్థితిలో లేదు. అంతే." ఇప్పటికీ నా వాట్సాప్ మెసేజుల చివర ఒక కోలన్, ఒక డబ్ల్యూ పడుతూనే ఉంటాయి. "ఏందక్కా ఇది, పెద్దదానివైపోయినవ్" అంటుంది మా చెల్లె. పెద్దదాన్నయితే కాలేదా మరి.

శనివారాలు ఒంటిపూట. అక్క నన్ను తన వెంట ఇంటికి తీసుకుపోయేది. ఆ ఇంటి గడపలోనే ఇంగువ, వేయించిన కందిపప్పు, డికాక్షన్ వాసనలు ఎదురొచ్చేవి. మా ఇంట్లో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ కారం వాసన కదా, నాకు అదేదో వేరే ఊరికి పోయినట్టుండేది. ఇంట్లో అక్క అత్తగారు ఉండేవారు. ఆవిడను మామ్మగారూ అని పిలవమంది అక్క. ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? అందుకని అక్క సంతలోంచి తెచ్చిన కూరగాయలు వంటింటి గచ్చు మీద వరసగా పేర్చేది. మొదట ఒక వంకాయ, తర్వాత దోసకాయ, బీరకాయ, ములక్కాడలు. "ఇది పేజీ. ఒక్కో కూర ఒక్కో లైను. వంకాయ అట్టడుగుకి పోవాలి, ఆజ్ఞ ఇవ్వు" అనేది. నేను "డీడీ" అంటే వంగి వంకాయను చేతిలోకి తీసుకునేది. "జీ" అంటే చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వరస చివరికి నడిచేది. "పీ" అంటే ములక్కాడల పక్కన దాన్ని జాగ్రత్తగా పడుకోబెట్టేది. తప్పు చెప్తే వంకాయ పట్టుకుని అట్లనే నిలబడేది, కదిలేది కాదు. "వాటిని కూర వండుతారా, ఊరేగిస్తారా?" అనేవారు మామ్మగారు పొయ్యి దగ్గర నుంచి. నవ్వి నవ్వి నా కడుపు నొప్పి పుట్టేది.

అట్ల వింటూ వింటూ మామ్మగారికీ ఆ భాష పట్టుబడింది. పులుసులో ఉప్పెక్కువైతే "యూ కొట్టవే వకుళా" అనేవారు. పొద్దుగూకేదాకా కదలని పక్కింటావిడ లేచి వెళ్లగానే "అమ్మయ్య, డీడీ" అని తలుపు వేసేవారు. నేర్చుకోనిది ఆ ఇంట్లో ఒక్క బావగారే. బ్యాంకు నుంచి వచ్చి, చేతిలో వంకాయతో నడుస్తున్న పెళ్లాన్ని, ఆజ్ఞలిస్తున్న నన్ను చూసి, "ఈ పోలీసు భాష నాకు రాదు బాబూ" అని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. పేపరు వెనక ఆయన నవ్వుతున్నారని మాకు తెలుసు, పేపరు కదిలేది. నేర్పిస్తానని అక్క ఎన్నోసార్లు అంది. "నువ్వు నోటితో చెప్తే నేను వింటున్నాగా, ఇంకో భాష ఎందుకు?" అనేవారాయన.

ఇప్పుడు చూస్తే ఇదంతా ఎవరికి కావాలి? నేను రిటైరయ్యేనాటికే కొత్త పిల్లలు మౌస్ పట్టుకుని చకచకా గీసేస్తున్నారు. ఈ మధ్యయితే కంప్యూటర్‌తో నోటితో చెప్తున్నారు, ప్రోగ్రాం అదే రాసి పెడుతోంది. బాగుంది, నేనేం ఏడవట్లేదు. చెప్పులు విప్పే పని లేదు, చలికి వణికే పని లేదు, మంచిదే. కానీ నోటితో చెప్పే కాలం వచ్చాక నోరు పోయిన మనిషి ఏం చేయాలె? మాకు నేర్పిన విద్య నోటిలో లేదు, వేళ్లలో ఉంది. బతుకంతా ఎనిమిదేసి గంటలు వేళ్లతోనే మాట్లాడిన మనిషి వకుళక్క. ఆ ఇంట్లో ఆ భాష తెలిసినవాళ్లలో మామ్మగారు పోయారు, మిగిలింది నేను. నేను నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను.

డీ డీ జీ పీ. మొదటి లైను ఎత్తు, అట్టడుగుకు పో, అక్కడ పెట్టు. "టీ గ్లాసుల్లో పొయ్యాలి" అన్న లైను ఎక్కడికి పోవాలో అక్క మొదటి రోజే చెప్పింది. ఆ లైను కదల్లేదు. ఆ పేజీకి రాయడం ఒక్కటే తెలుసు, దానికి ఆజ్ఞలు తెలియవు. రెండో రోజూ చెప్పింది. మూడో రోజూ చెప్పింది. చెప్పినకొద్దీ ఇంట్లోవాళ్లు ఆమెకు ఏమీ తెలియదని రాసుకుంటూ పోయారు. ఈ మాట బావగారికి చెప్దామనుకుని ఆగాను. చెప్తే నమ్మరు. నాకే పూర్తిగా నమ్మకం లేదు, ఆశ ఉంది అంతే.

వీఐ ఇప్పటికీ ఉంది, ఊరికే దొరుకుతుంది. డౌన్‌లోడ్ పెట్టి, నేను కాఫీ గ్లాసులు కడిగి వచ్చేలోగా లాప్‌టాప్‌లోకి దిగిపోయింది. ఆ నాలుగు లైన్లూ తెచ్చి అందులో పెట్టాను. తెర నల్లగా, అక్షరాలు ఆకుపచ్చగా పెట్టాను, పెద్దవి చేశాను. చిన్న బల్ల లాగి అక్క ముందు వేశాను. "అక్కా, జెర ఇటు చూడు" అన్నాను.

అక్క ఆ తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ నైటీకి తుడుచుకుంది. కీబోర్డు ముట్టే ముందు ఎప్పుడూ కొంగుకు అట్లనే తుడుచుకునేది. ఎడమ చేతి చిటికెన వేలు మూలకు పోయి ఎస్కేప్ నొక్కింది. డీ, డీ. గ్లాసుల లైను లేచిపోయింది. జీ. కర్సర్ కిందికి దూకింది. పీ. గ్లాసుల లైను అట్టడుగున కూర్చుంది. స్టవ్ వెలిగించాలి, నీళ్లు మరగాలి, పాలు, టీ పొడి వెయ్యాలి, టీ గ్లాసుల్లో పొయ్యాలి.

"అదే" అంది అక్క మెల్లగా, నా వైపు తిరిగి. "అదే. అదే."

నేను ఏడ్చేశాను. బావగారికి ఏం జరిగిందో అర్థం కాలేదు. వంకాయ కథంతా చెప్పి, ఆ పిచ్చి టైపింగు ఏందో ఒక్కో అక్షరం విప్పి చెప్పాను. విని మళ్లీ ఆ తెర వైపు వంగి చూశారు. తర్వాత, ఆశపడటానికి భయపడే మనిషిలాగా, "అలవాటేమో అమ్మా" అన్నారు. "వేళ్లకి అలవాటుంటుంది కదా. నేనూ నిద్రలో నోట్లు లెక్కపెడతానని అనేది."

సరే అని కొత్త పేజీ తీశాను. మామ్మగారి పప్పుచారు రాశాను. కందిపప్పు ఉడికించాలి, చింతపండు పిండాలి, ఇంగువ తాలింపు వెయ్యాలి. వరస సరిగ్గానే పెట్టాను. మధ్యలో మాత్రం సంబంధం లేని లైను ఒకటి ఇరికించాను: చెప్పులు బయట విప్పాలి. దాన్ని తీసేస్తే చాలు, చదివి అర్థం చేసుకుందని తెలిసిపోతుంది. అక్క చదివింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కడుపు కదిలింది, తర్వాత పాత నవ్వు పైకి వచ్చింది. జే కొట్టుకుంటూ కిందికి దిగి, ఆ లైను మీద ఆగి, డీడీ కొట్టింది. పోయిందనుకున్నాను. పోలేదు. దాన్ని చేతిలో పట్టుకుని పేజీ మొదటికి పోయి, కందిపప్పు కంటే పైన పెట్టింది. అన్నిటికంటే ముందు చెప్పులు. ఆ తర్వాతే ఏ పనైనా.

బావగారు కుర్చీ జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. ఆ పూట ఆయన ఆమె మొహంలోకి చూసి మాట్లాడటం నేను చూసింది అదే మొదలు.

"వకుళా. నేనన్నవన్నీ నీకు వినబడుతూనే ఉన్నాయా? కొంపల్లి సంగతి కూడా?"

అక్క తలూపింది.

ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నారు. నేను అక్కడి నుంచి లేద్దామా అనుకున్నాను. లేస్తే అక్క చెయ్యి విడిచిపెట్టాలి, అందుకని లేవలేదు. కొంచెం సేపటికి ఆయనే కళ్లు తుడుచుకుని, "ఆ రెండో పేజీ కూడా దాంట్లో తెరువమ్మా. నా రాతలు. ఆవిడ ముందు పెట్టు" అన్నారు.

"ఎందుకు బావగారూ, ఇడిసిపెట్టుండ్రి."

"పెట్టమ్మా. ఆవిడ ఏం చేసినా సరే."

పెట్టాను. ఈ రోజు కూడా వకుళకి ఏమీ తెలియలేదు. పై నుంచి కింది దాకా అదే. అక్క చదివింది. కోపం ఏమీ లేదు మొహంలో, ఫ్యాక్టరీలో నా ప్రోగ్రాం చూసేటప్పుడు ఉండేటంత శ్రద్ధ ఉంది. డీడీ. ఒక లైను పోయింది. డీడీ. ఇంకోటి పోయింది. బావగారు పక్కన నిలబడి చూస్తున్నారు. "కొట్టు, వకుళా, కొట్టు" అన్నారు. డీడీ, డీడీ. పేజీ మధ్యకు వచ్చేసరికి అక్క చెయ్యి ఆగింది. అక్కడున్న లైను వేరే. బావగారు కూడా మరిచిపోయినట్టున్నారు, వంగి చూశారు. "ఈ రోజు మొదటిసారి నేనే జడ వేశాను. వంకరగా వచ్చింది. అద్దంలో చూసుకుని నవ్వింది."

అక్క జే కొట్టింది. ఆ లైను దాటి కిందికి దిగింది. కింద మళ్లీ అవే మాటలు, మళ్లీ డీడీ, డీడీ, డీడీ. చివరి లైను పోగానే కర్సర్‌కు నిలబడటానికి ఇంకో చోటు లేదు కాబట్టి, అది దానంతటదే పైకి వచ్చి జడ లైను మీద నిలబడింది. అదే ఊపులో ఇంకొక్కసారి కొడితే అదీ పోతుంది. అక్క వేళ్లు కీబోర్డు మీది నుంచి పైకి లేచాయి. ఒక చెయ్యి పోయి భుజం మీదున్న వంకర జడను ఒకసారి తడిమింది. మళ్లీ వచ్చి కోలన్ కొట్టింది, డబ్ల్యూ కొట్టింది, ఎంటర్ కొట్టింది.

నల్లటి తెర మీద ఒక్క లైను మిగిలింది. బావగారు దానికేసి చూస్తూ, బ్యాంకులో లెక్క మీద అనుమానం వచ్చిన మనిషిలాగా అడిగారు. "ఇది ఇంక పోదు కదమ్మా?"

"కోలన్ డబ్ల్యూ కొట్టింది బావగారూ. ఇంక కరెంటు పోయినా పోదు."